తాకేటాకు తెచ్చిన కళ

అప్పయ్య రెండో బకెట్టు సున్నం కలుపుతున్నాడు. మోచేతుల దాకా తెల్లటి పొర, పగిలిన వేళ్లు, వంగితే ఒక పట్టాన లేవని నడుము. పరాయి దేశపు నగరంలోని ఈ తాకేటా పేటలో తెలుగువాళ్ల గుళ్లకీ గోడలకీ జీవితమంతా సున్నం కొట్టినవాడే అయినా అతని పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. సున్నం ముసలాయన అనేవాళ్లు.

ఇప్పుడు పని బస్టాపు దగ్గర. తాకేటాలో ఏముంది, బస్సు ఆగడం, కదలడం తప్ప అని అదే నగరంలోని సంచౌంగ్ పేట వాళ్లు నవ్వుతారట. ఇక్కడ సగం రోజు కరెంటుండదు, వాన పడితే వీధి కాలవవుతుంది. వాటికి రాని సిగ్గు మన పెద్దమనుషులకు ఆ నవ్వుకి వచ్చింది. వెంటనే ఉత్సాహ సంఘం ఒకటి పుట్టింది. పేట పేరు మనిషెత్తు అక్షరాల్లో నిలబెట్టి, పక్కన ఫొటోలు దిగితే కళ వచ్చేస్తుందని తేల్చింది. ఏం బుర్రలో!

అక్షరాల కింది అరుగుకి రంగెయ్యమన్నారు. ఏ రంగో చెప్పే తీరిక ఒక్కడికీ లేకపోయింది. అమ్మవారి గుడి అరుగుకి వేసినట్టే అప్పయ్య తెలుపొక పట్టీ, ఎరుపొక పట్టీ వేసి నిన్న ఇంటికి పోయాడు. తెల్లారేసరికి అరుగు ముందు జనం చెప్పులు విడుస్తున్నారు. ఎవరో అరటిపళ్లు పెట్టారు. చేపలమ్మే చిలకమ్మ తట్ట దించి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టింది. గుళ్లో దణ్ణాలు అమ్మవారికి. ఇక్కడ తన పట్టీలు తప్ప ఇంకేం లేవు. అప్పయ్యకి సంతోషంతో ఏడుపొచ్చింది.

సంఘం కార్యదర్శి కృష్ణకుమార్ మండిపడుతూ వచ్చాడు.

"ఏటి మావా, ఇదేటి సేసినావు? సెల్ఫీ పాయింటుని గుడి సేసీసినావు! మద్దేనం పెద్దోళ్లు వత్తన్నారు. మొత్తం తెల్లగా కొట్టీ."

"దణ్ణాలెట్టుకుంటన్నారు బాబూ. ఒక్క పక్కయినా ఉంచీ."

"సీ! సూసి నవ్వుతారు."

అందుకే ఈ బకెట్లు. మూడు పక్కలూ తన పట్టీల్ని తనే కప్పేశాడు. నాలుగో పక్కకి చెయ్యి రాలేదు. తువ్వాలుతో మొహం తుడుచుకుని, దాన్ని చివరి అక్షరం మీద ఆరేసి, కింద నీడలో కూలబడ్డాడు. కాసేపటికి చిలకమ్మ వచ్చి పలకరించింది. భుజం తట్టింది. అప్పుడు కేక పెట్టింది.

పెద్దవాళ్లు వచ్చే వేళ కదా, శవాన్ని గబగబా సైకిల్ రిక్షాలో ఇంటికి తోలేశారు. మిగిలిన పట్టీలకు పూలకుండీలు అడ్డం పెట్టారు. రిబ్బను కత్తిరించి, తాకేటాకి కొత్త ప్రాణం వచ్చిందని మైకులో చెప్పుకుని, చప్పట్లూ వాళ్లే కొట్టుకున్నారు. ఆ సాయంత్రం అందరి ఫోన్లకూ ఫొటోలు వెళ్లాయి. అన్నిటిలోనూ పెద్దమనుషులు పళ్లికిలిస్తూ నిలబడ్డారు. వాళ్ల తలల వెనక, చివరి అక్షరం మీద, సున్నం మరకల తువ్వాలు ఆరుతోంది.