పేలని రాయి

ఢామ్మని మోగింది. ల్యాబ్ కిటికీ అద్దాలు గడగడలాడాయి. రాళ్లని నొక్కి పరీక్షించే ప్రెస్సు చుట్టూ ఉన్న ఇనుప జాలీకి తగిలి రాతి ముక్కలు వడగళ్లలా రాలాయి.

"ఇదీ పేలింది," అంది వదిన చెవుల్లోంచి దూది తీస్తూ. "మీ కొండకి కోపం కాస్త ఎక్కువే."

ఆడపడుచుకి నవ్వు రాలేదు. ఆ కొండలో తవ్వుతున్న సొరంగం ఆమె మొదటి ప్రాజెక్టు. అక్కణ్ణుంచి తెచ్చిన రాతి నమూనాలు వరసపెట్టి పేలుతున్నాయి. లోపల కూడా రాయి ఇలాగే పేలితే పనివాళ్ల ప్రాణాలకే ముప్పు. అదే తేలితే సొరంగం మూసేస్తానని చీఫ్ ఇంజనీరు ముందే చెప్పేశాడు. భోజనాలయ్యాక ఆయన వస్తాడు. ఇక మిగిలింది ఒక్క నమూనా.

"అదీ పేలితే నా సొరంగం అటకెక్కినట్టే," అంటూ ఆమె విసురుగా బయటికి నడిచింది. వానకి ఉబ్బిన తలుపు బిగుసుకుపోయింది. భుజంతో నెట్టింది. కదల్లేదు. ఒళ్లంతా ఆనించి ఇంకా గట్టిగా నెట్టింది. తలుపు ఒక్కసారిగా వదిలేసింది. ఆమె వెళ్లి వరండాలో బోర్లా పడింది.

వదిన పరుగెత్తుకొచ్చి, లేవదీయకుండా అలాగే చూస్తూ నిలబడింది.

"చెయ్యిస్తావా, ఫొటో తీసుకుంటావా?"

"ఆగవే. తలుపు వదిలాక కూడా ఎందుకు నెట్టావు?"

"ఆపుకోలేక."

"మన ప్రెస్సూ అంతే. సిమెంటు దిమ్మలకి వాడే పద్ధతే రాయికీ వాడాం. బరువు పెంచుకుంటూ పొమ్మన్నాం. రాయి పగిలి నీరసపడ్డా ప్రెస్సు తగ్గకుండా ఎగబడుతోంది. పేలక ఏం చేస్తుంది? ఈసారి బరువు సంగతి వదిలేద్దాం. ఇంత నిదానంగా మాత్రమే కదులు అని చెబుదాం."

చీఫ్ ఇంజనీరు వచ్చేసరికి ఆఖరి నమూనా ప్రెస్సులో ఉంది. ఆయన దూరంగా నిలబడి రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నాడు. తెర మీద బరువు చూపే గీత పైకెక్కింది. మిగతావి పేలిన ఎత్తుకి చేరింది.

గీత వంగి, మెల్లగా కిందికి దిగసాగింది. రాయి మీద ఏటవాలుగా ఓ పగులు చీమలా పాకింది. చప్పుడే లేదు.

"ఇంకా ఎంతసేపు?" అని అరిచాడాయన వేళ్లు తీయకుండానే.

అయిపోయిందని వదిన సైగ చేసింది.

ఆయన రాయి దగ్గరికొచ్చి వంగి చూశాడు. "బాగానే ఉంది. ఇంతకీ కొండ ఎలా నొక్కుతుందమ్మా? అలా ఎగబడుతుందా, ఇలా నిదానంగానా?"

నిదానంగానే అంటే సొరంగం నిలబడుతుంది. ఆ మాట ఆడపడుచు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తెలీదు సార్. ఆ పేలుళ్లలో ప్రెస్సు వాటా ఎక్కువని మాత్రం తేలింది. కొండ సంగతి కొండలోనే కొలవాలి. అందాకా తవ్వకం ఆపుదాం, మూయొద్దు."

ఆయన ఆమెకేసి చూసి తలాడించాడు. "కొలవకుండానే పేలదని ఒట్టేసుంటే ఇవాళే మూయించేవాణ్ణి. వెళ్లి కొలుచుకురా."

ఆయన వెళ్లగానే వదిన పరికరాలు సర్దడం మొదలుపెట్టింది. "నేనూ వస్తాను. ఇంట్లో వంట మీ అన్నయ్య చూసుకుంటాడు."

"పాపం పిల్లలు," అంది ఆడపడుచు పెట్టె రెండో కొస అందుకుంటూ.