ఎదురుగా కూచుని తినే మనిషి

పొద్దున లేవగానే మా అయ్య అడిగే మొదటి మాట, "ఇయ్యాల ఏం తిందాం బిడ్డా?" అని. జవాబు చెప్పాల్సింది నేనే. ఇంట్లో ఇంకెవరూ లేరు. నన్ను కన్నతల్లి నాకు పాలపళ్ళు రాకముందే చలిజ్వరంతో పోయింది. ఈ సంగతులు జరిగేనాటికి నాకు ఏడేళ్ళుంటాయేమో. చింతచిగురనో, పుంటికూరనో, ఏదో ఒకటి అనేదాన్ని. మా అయ్య ఆ మాటను పంచాయతీలో పెద్దమనిషి మాట విన్నట్టు వినేవాడు. కాసేపు ఆలోచించి, "చిగురు ముదిరింది గదా, ఎండు రొయ్యలేస్తే సర్దుకుంటది" అనేవాడు.

మాది గొల్లపల్లి. అది బస్తరు రాజుగారి రాజ్యంగా ఉన్న రోజులు. దక్షిణానికి నడిచి వాగు దాటితే తెల్లదొరల ఇలాకా. మాకు ఆ తేడా పెద్దగా తెలిసేది కాదు. మా మేనత్తను వాగు అవతల చర్లకిచ్చారు. ఇవతల మా ఇంటి పక్కన హిడ్మే ఇల్లు. హిడ్మే తన దోర్లీ భాషలో తిట్టేది, తెలుగులో ముద్దు చేసేది. మా అయ్య పేరు అప్పయ్య. వానకు పండే కొంత పొలం, రెండెడ్లు, ఒక బండి, అంతే మా ఆస్తి. కానీ తిండి విషయంలో మా అయ్య రాజుగారికి కూడా తీసిపోడని నాకు గట్టి నమ్మకం.

వరన్నం మాకు రోజూ ఉండేది కాదు. చోళ్ళ అంబలి, సామల బువ్వ ఎక్కువ. ఆ అంబలినే మా అయ్య ఎట్లా తాగించేవాడని! రాత్రి పులిసిన అంబలిని పొద్దున కుండలోంచి ముంచి, ఉల్లిగడ్డ చేత్తో పగలగొట్టి, కాల్చిన ఎండుమిరపకాయ నలిపి, "ముందు వాసన చూడు, తర్వాత తాగు" అనేవాడు. ముక్కు పెట్టి చూసేదాన్ని. "ఏమొచ్చింది?" "పులుపొచ్చింది." "ఇంకా?" "పొగొచ్చింది." "సరే, ఇంక తాగు." మోదుగాకు దొప్పలో పోసుకుని ఇద్దరం ఎదురెదురుగా గొంతుకూర్చుని తాగేవాళ్ళం. ఆ చప్పుడు వింటే హిడ్మే తన వాకిట్లోంచి, "గొడ్లకు నీళ్ళు పెట్టినవా అప్పయ్యా?" అని నవ్వేది.

పొలానికి పోయినా, అడవికి పోయినా నన్ను భుజం మీద ఎక్కించుకునేవాడు. తునికి పండ్లు రాలే చోటు, మొర్రి పండ్లు తియ్యగా ఉండే చెట్టు, పచ్చడి నూరుకునే ఎర్రచీమలు ఆకులు కుట్టి గూళ్ళు కట్టే కొమ్మ, అన్నీ అతనికి తెలుసు. నేను పైనుంచి చేయి చాపి కోసేదాన్ని. మామిడికాయల కాలం వస్తే మాత్రం ఇద్దరికీ నరకం. ఊళ్ళో మామిడి కొత్తల పండుగ అయ్యేదాకా ఎవరూ కాయ నోట పెట్టకూడదు. మా అయ్య నన్ను చెట్టు కింద కూచోబెట్టి, రాలిన పిందె నా అరచేతిలో పెట్టి, "తినొద్దు. వాసన చూసుకుంట కూచుందాం" అనేవాడు. అట్లా కూచునే ఇద్దరం ఉప్పూ కారం ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళం. నోట్లో ఊరే నీళ్ళు మింగడంతోనే కడుపు నిండేది.

ఇదంతా చూసి మా మేనత్తకు దిగులు. "ఆడదిక్కు లేని ఇల్లు. పిల్ల మగరాయుడోలె పెరుగుతున్నది. మారుమనువు చేసుకో తమ్ముడా" అని పోరుపెట్టేది. అక్క మాట కాదనలేక మా అయ్య రెండు సంబంధాలు చూడటానికి వెళ్ళాడు. నన్నూ తీసుకుపోయాడు.

మొదటి ఇంట్లో కోడికూర పెట్టారు. రెండో ఇంట్లో చేపల పులుసు. రెండుచోట్లా ఆ పిల్ల మాకు వడ్డించి తలుపు చాటుకు పోయింది. మేము తిన్నంతసేపూ ఆ చాటునే నిలబడింది. మా అయ్య చేపల పులుసు తింటూ తింటూ ఆగి, "ఏమమ్మా, నీకు ఏ కూరంటే ఇష్టం?" అని అడిగాడు. ఆ పిల్ల కంగారుపడి వాళ్ళమ్మ వైపు చూసి, "మీకేది ఇష్టమైతే అదే" అన్నది.

తిరిగొస్తుంటే, మా వెంట వచ్చిన అత్త బండిలో అడిగింది, "ఏంది తమ్ముడా, పిల్ల బాగలేదా?"

"బాగుందక్కా."

"మరి?"

"పాపం, ఆమెకు ఏది ఇష్టమో ఆమెకే తెల్వదు. నేనేం చెప్పాలె?"

మా అత్త తలకొట్టుకుంది. "మనువాడమంటే కూరలడుగుతడేంది వీడు!"

ఆ ఎండాకాలమే మేము ఇప్పపువ్వు, మొర్రి గింజలు బండికెత్తుకుని భేజ్జి సంతకు పోయాం. ఉప్పుకు మార్చుకోవాలి. సరుకు మార్చడం అయ్యిందో లేదో, మబ్బు పట్టి గాలివాన కొట్టింది. మా అయ్య ఉప్పు మూట ఒక చంకలో, నన్ను ఒక చంకలో పెట్టుకుని దగ్గర్లో ఉన్న తాటాకు పాక కిందికి దూరాడు.

ఆ పాక వెంకమ్మది. సంతలో బొబ్బెర గారెలు చేసి అమ్మేది. మొగుడు కలప తెప్పల మీద పనికి పోయి శబరి ఏట్లో కొట్టుకుపోయాడట. పిల్లాజెల్లా లేరు. అవన్నీ మాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు మాత్రం నాకు కనబడింది ఒక బొద్దుగా ఉన్న మనిషి, పొయ్యి ముందు కూచుని, వానకు బేరం పోయిందన్న బాధే లేకుండా, వేడి వేడి గారె ఊదుకుంటూ తింటున్నది. తింటూనే మమ్మల్ని చూసి, "నిలబడ్డరేంది, కూచోండి. వాన ఇప్పట్లో ఆగదు. పిల్లా, ఇగో" అని నా చేతిలో ఒకటి పెట్టింది.

ఇప్పనూనెలో కాలిన గారె. అంచు కరకర, లోపల మెత్తన. నేను కళ్ళు మూసుకుని తిన్నాను. మా అయ్యకూ ఒకటిచ్చింది. అతను అలవాటు ప్రకారం ముందు వాసన చూశాడు, తర్వాత కొరికాడు, తర్వాత అన్నాడు, "అల్లం ఇంకొంచెం పడాలె."

"పడొద్దు" అన్నది వెంకమ్మ. "అల్లం ఎక్కువైతే బొబ్బెర రుచి చస్తది."

"చావదు. లేస్తది."

"నువ్వు ఎన్నడన్న చేసినవా?"

"రోజూ చేస్త. కావాలంటే మా బిడ్డనడుగు."

ఇద్దరూ నా వైపు చూశారు. నా నోటినిండా గారె. నేను వెంకమ్మ వైపు వేలు చూపించాను. ఆమె పకపకా నవ్వి, ఇంకో గారె తాను తీసుకుని మా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుంది. వాన ఆగేదాకా ముగ్గురం తింటూనే ఉన్నాం. ఆమె తింటున్నప్పుడు మొహం పక్కకు తిప్పుకోలేదు, కొంగు అడ్డం పెట్టుకోలేదు. మా అయ్య గారెను చూడటం మానేసి ఆమె తినడం చూస్తున్నాడు.

"నీకు అన్నిటికంటే ఏదిష్టం?" అని అడిగాడు చివరికి.

వెంకమ్మ ఆలోచించనైనా ఆలోచించలేదు. "తొలకరి పుట్టకొక్కులు. చింతపండు పోసి, చిక్కగా. కానీ ఒకరికి పెట్టాలంటే నాకు ఏడుపొస్తది."

దారంతా మా అయ్య తనలో తాను నవ్వుకుంటూ బండి తోలాడు. నేనే అన్నాను, "అయ్యా, ఆ అత్తను మనింటికి తెచ్చుకుందాం." అతను ఎద్దుల్ని అదిలించాడు.

తొలకరి పడింది. దుక్కి దున్నుతుండగా మా అయ్యకు చలిజ్వరం తగిలింది. గొంగళ్ళు కప్పినా మంచం గడగడ వణికేది. వాగు నిండా పారుతుంటే చర్ల నుంచి మా అత్త రాలేకపోయింది. హిడ్మే మొగుడు దేవా ఠాణాకు పోయి, జ్వరానికని సర్కారు పంచే చేదు కొయినా బిళ్ళలు తెచ్చాడు. జ్వరం దిగింది. కానీ మా అయ్యకు నోరు చచ్చిపోయింది. హిడ్మే జావ కాచి తెస్తే ఒక్క గుక్క తాగి గోడవైపు తిరిగేవాడు. రెండో గుక్క తాగేవాడు కాదు.

ఒక పొద్దున నేనే మంచం దగ్గర నిలబడి అడిగాను, "ఇయ్యాల ఏం తిందాం అయ్యా?"

"ఏదొద్దు బిడ్డా. మన్ను తిన్నట్టున్నది."

మా అయ్య నోటి నుంచి ఆ మాట విని నాకు భయం పుట్టింది. అమ్మ పోయిన జ్వరం ఇదేనని హిడ్మే ఎవరితోనో అంటుంటే విన్నాను. వాకిట్లో కూచుని ఏడ్చాను. హిడ్మే నన్ను ఒళ్ళోకి తీసుకుని ఎందుకని అడిగితే, ఏమనిపించిందో మరి, "భేజ్జి గారెల అత్త వస్తే తింటడు" అన్నాను.

హిడ్మే నవ్వలేదు. దేవాను భేజ్జికి పంపింది.

మరుసటి మధ్యాహ్నం వెంకమ్మ మోకాళ్ళదాకా బురదతో దేవా వెనక వచ్చింది. నెత్తి మీద గంప. గంపలో పొత్తిళ్ళలో బిడ్డలాగా లేత వెదురు కొమ్ములు. మా అయ్యను పలకరించింది కూడా లేదు. కాళ్ళు కడుక్కుని నేరుగా పొయ్యి దగ్గరికి పోయింది. కొమ్ములు సన్నగా తరిగి ఉడకేసి, చేదు నీళ్ళు వంచి, ఎండుచేప ముక్కలు వేసి పులుసు పెట్టింది. సామల బువ్వ వార్చింది. మా అయ్య మంచం ముందర రెండు విస్తళ్ళు వేసింది. ఒకటి నాకు, ఒకటి ఆమెకు.

"అయ్యకో?" అన్నాను.

"ఆకలి లేదన్నడట గదా. మనం తిందాం రా."

తిన్నాం. ఆకలిగా ఉందేమో, ఆమె వేళ్ళ సందుల్లోంచి పులుసు కారుతుంటే నాకుతూ తింటున్నది. నేనూ అంతే. కాసేపటికి గోడవైపున్న తల ఇటు తిరిగింది.

"వెదురు కొమ్ముల నీళ్ళు ఎన్నిసార్లు వంచినవు?" అన్నాడు మా అయ్య. గొంతు పీలగా ఉంది.

"ఒక్కసారే."

"రెండుసార్లు వంచాలె. చేదుంటది."

"రెండుసార్లు వంచితే ఇంక గడ్డి తిన్నట్టే. చేదు కొంచెం ఉండాలె."

"ఉండొద్దు."

"తినకుండ ఎట్ల చెప్తవు?" అని వెంకమ్మ తన విస్తట్లోంచే ఒక ముద్ద కలిపి అతని చేతిలో పెట్టింది. మా అయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అట్లాగే పెట్టుకున్నాడు. తర్వాత తిన్నాడు. నమిలి, నమిలి, మింగి, "చేదున్నది" అన్నాడు. "ఇంకో ముద్ద పెట్టు."

నేను విస్తరి ముందు నుంచి లేచిపోయి హిడ్మే ఇంటికి పరుగెత్తాను. చెయ్యి కూడా కడుక్కోలేదు. "తిన్నడు! మా అయ్య తిన్నడు!" అని అరిచాను.

అతను లేచి వాకిట్లోకి నడిచేదాకా వెంకమ్మ ఉంది. ఆ లోపల తొలకరి పుట్టకొక్కులూ వచ్చాయి. అవి వండిన రోజు ఆమె మాకు పంచుతూ మొహం ముడుచుకుంది, కానీ పంచింది. రాత్రిళ్ళు హిడ్మే ఇంట్లో పడుకునేది. ఊరి నోరు ఊరుకోదు కదా, మా అయ్య నాగలి పట్టిన రోజునే గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. నేను దారిదాకా ఏడుస్తూ పోయాను. "కడుపు నింపుకో, పెద్దగ పెరుగు, సంతకు రా" అన్నది.

ఆమె వెళ్ళాక ఇంట్లో వంట అట్లాగే నడిచింది, రుచీ అట్లాగే ఉంది. కానీ అల్లం ఎక్కువైందని పోట్లాడేవాళ్ళు లేరు. మా అయ్య ముద్ద నోట్లో పెట్టుకుని వాకిలి వైపు చూసేవాడు.

వాగు తగ్గాక మా అత్త వచ్చింది. సంగతి హిడ్మే చెప్పింది. మా అత్త మండిపడింది. "మొగోని ఎదురుగ కూచొని, మంచంల ఉన్నోనికి పెట్టకుండ తానే తిన్నదా? అసలు ఆడమనిషేనా?"

మా అయ్య పలుపు పేనుతున్నవాడు ఆపి, అక్క వైపు చూసి నెమ్మదిగా అన్నాడు, "అక్కా, అందరు నాకు పెట్టిన్రు. జావ పెట్టిన్రు, మందు పెట్టిన్రు. గొంతు దిగలె. ఆమె తింటుంటే చూసినంక, నాకు గూడ బతకాలనిపించింది."

మా అత్త పొయ్యి ఊదుతూ కూచుంది. వంట అయ్యాక, "కొత్త వడ్లు ఇంటికి రానీ. పోయి అడుగుదాం" అన్నది.

కోతలై, ఊళ్ళో వడ్ల కొత్తల పండుగ అయ్యాక, నలుగురం కూచునే బండి కట్టుకుని ముగ్గురం భేజ్జికి పోయాం. మా అత్త పెద్దరికంగా మాట మొదలుపెట్టింది. వెంకమ్మ గారెలు తిప్పుతూనే విన్నది. అంతా విని, మా అత్తతో కాదు, మా అయ్యతోనే అన్నది.

"నేను ఆకలికి ఆగలేను. నువ్వు పొలం నుంచి వచ్చేదాక చూసుకుంట కూచోను. ముందే తింట. తర్వాత ఒక మాట అనొద్దు."

"అనను" అన్నాడు మా అయ్య. "నాకింత ఉంచు, చాలు."

"పుట్టకొక్కులైతే చెప్పలేను."

అట్లా కుదిరింది సంబంధం. పుస్తె కట్టించి, సంతలో తెలిసినవాళ్ళకు కల్లు పోయించి, మరునాడు ఇంటిదారి పట్టాం. నేను ఆమెను అప్పటిదాకా అత్తా అనేదాన్ని. బండిలో ఆమె ఒళ్ళో కూచున్నాక మా అయ్య, "చిన్నమ్మ అనాలె బిడ్డా" అన్నాడు. నేను రెండుమూడుసార్లు అని చూసుకున్నాను. బాగుంది.

మధ్యలో ఒక వాగు దగ్గర ఎడ్లను విప్పాం. మా అయ్య రాళ్ళ కింద పీతలు పట్టి నిప్పుల మీద కాల్చాడు. చిన్నమ్మ కొత్తబియ్యం వండింది. విస్తళ్ళు వేసేటప్పుడు మా అత్త లేచి చెట్టు వెనక్కి పోబోయింది. తమ్ముడైనా మగవాడు ఎదురుగా ఉంటే తినే అలవాటు ఆమెకు లేదు. మేమంతా తిన్నాక తింటానన్నది. చిన్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గుంజి తన పక్కన కూచోబెట్టింది.

"వేడి వేడిగ తినాలె వదినా. చల్లారితే పీత ఎందుకు, రాయి తిన్నా ఒకటే."

మా అత్త మొహం సగం పక్కకు తిప్పుకుని, కొంగు చాటున ఒక కాలు విరిచి పీల్చింది. మేమెవరమూ ఆమె వైపు చూడలేదు. కాసేపయ్యాక కొంగు జారింది. ఆమె సర్దుకోలేదు. పీత డెక్క రాయితో పగలగొట్టుకుంటున్నది. తర్వాత మా అయ్యను, చిన్నప్పుడెప్పుడో పిలిచినట్టు, "అప్పిగా, ఇంకోటున్నదారా?" అన్నది.

మా అయ్య నీళ్ళలోకి దిగాడు. ఎండ వాగు మీద పడి మెరుస్తున్నది. ఒడ్డు మీద ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో నేను, ముగ్గురమూ ఎంగిలి చేతులతో అతను ఏం పట్టుకొస్తాడా అని చూస్తూ కూచున్నాం.