హోరు నిలబడే చోటు

హోరు.

రేడియో ముల్లును రెండు స్టేషన్ల మధ్య ఆపితే వచ్చే హోరు. అంతర్వేది ఒడ్డున ఇసుకలోకి ఇంకే నీళ్ళ చప్పుడు. మాట లేదు, పాట లేదు.

హెడ్‌ఫోను పరీక్షకి నాకది చాలు.

రెండు చెవుల దగ్గర రెండు స్పీకరు బిళ్ళలు. రెండూ ఒకలాంటివైతే హోరు నుదుటి మధ్యకొచ్చి నిలబడుతుంది. ఒకటి మందమైతే రెండోదాని వైపు ఒరుగుతుంది.

మూడు రోజులుగా ఒరుగుతూనే ఉంది.

ఎడమకి.

హెడ్‌ఫోను సలోమిది. పదహారేళ్ళుగా కువైట్‌లో ఇంటిపని. అక్కడి పెద్దావిడ పాతసామానులో పారేయబోతే అడిగి తెచ్చుకుంది. నలభై ఏళ్ళనాటి జపాను సరుకు. కుడి బిళ్ళలో కాయిలు తెగింది. శుక్రవారం మళ్ళీ విమానం ఎక్కాలి.

"అక్కడ నా గది బట్టల మిషను పక్కనండి బాబాయి గారూ. ఇది పెట్టుకుంటే గానీ నిద్దర రాదండి" అంది.

రాజోలులో నా కొట్టు, మాణిక్యాలరావు రిపేరు షాపు. బల్ల కింద రేకుడబ్బాలో అలాంటి బిళ్ళలు పదకొండున్నాయి. గల్ఫు నుంచి దిగిన పెట్టెల్లోంచి, అటకల మీంచి ఏళ్ళ తరబడి ఏరుకున్నవి. పేరు ఒకటే. నంబరు ఒకటే.

అయినా ఒకటి కావు.

మొదట్లో వచ్చినవాటికి వెనక చిల్లుల మీద తెల్లగుడ్డ. లోపల మోగే పొర మీగడలా పల్చన. గొంతు మెత్తన.

తర్వాత వచ్చినవాటికి నీలం కాగితం. పొర బిరుసు. గొంతు పదును.

నడిమి కాలంలో — తెల్లగుడ్డే, అయస్కాంతం మాత్రం చిన్నది. ఖర్చు తగ్గించుకున్నారేమో.

మీటరు పెడితే అన్నీ ఒకే అంకె చూపిస్తాయి. మీటరుకి చెవి లేదు.

సలోమి ఎడమ బిళ్ళ తెల్లగుడ్డది. కుడికీ తెల్లగుడ్డదే వేశాను. హోరు ఎడమకి ఒరిగింది. తీశాను. ఇంకో తెల్లగుడ్డ. ఎడమకే. చిన్న అయస్కాంతం. ఇంకా ఎడమకి. బిళ్ళ వెనక డొప్పలో కొబ్బరిపీచు కూరాను. స్పాంజి కంటే పీచే మేలు, గాలిని ఆపీ ఆపనట్టు ఆపుతుంది. చిటికెడు తీశాను. చిటికెడు పెట్టాను.

బయట గాలి. కొబ్బరి మట్టలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. కూర్చోలేకపోయాను. కాలవ గట్టు దాకా వెళ్ళాను. వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

బుధవారం నీలం కాగితం బిళ్ళ వేశాను.

హోరు మెల్లగా జరిగింది... నుదుటి మధ్యకొచ్చి నిలబడింది.

వింతే. తెల్లదానికి నీలం జత కాకూడదు. కానీ నా చెవి ఒప్పుకుంది. నా చెవి ఒప్పుకున్నాక ఇంకెవర్నీ అడగను. నలభై ఏళ్ళుగా అంతే.

గురువారం మధ్యాహ్నం సలోమి వచ్చింది. పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

ఎవరైనా ఇక్కడ "ఆయ్, బ్రహ్మాండంగా ఉందండీ" అంటారు. సంచిలో పెట్టుకుని వెళతారు.

సలోమి కళ్ళు తెరిచింది.

"కుడిపక్క కోసేస్తందండీ."

"మొదట్లో అలాగే ఉంటుంది."

"ఆయ్." హెడ్‌ఫోను తీసి చేతిలో పట్టుకుంది. "ఇక్కడ నేను మొహమాటపడితే అక్కడ రెండేళ్ళు పడుకోలేనిది నేనే కదండీ బాబాయి గారూ."

కోపం వచ్చింది. లాక్కున్నట్టే తీసుకుని పెట్టుకున్నాను. హోరు మధ్యలోనే ఉంది. కదల్లేదు.

అప్పటికి నా భార్య భూలక్ష్మి క్యారేజీ తెచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసింది.

"ఓసారి తిప్పి పెట్టుకోండి" అంది.

ఇంగ్లీషులో నాకు గట్టిగా తెలిసిన అక్షరాలు రెండే — ఎల్, ఆర్. మూడో తరగతితో ఆగిన చదువు. ఈ రెండూ హెడ్‌ఫోన్లే నేర్పాయి. ఎల్ ఎడమకి, ఆర్ కుడికి. ఒక్కనాడూ మార్చి పెట్టుకోలేదు. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుంటామా?

మార్చి పెట్టుకున్నాను.

హోరంతా ఎడమ చెవిలోకి వచ్చి పడింది. పళ్ళు జివ్వుమన్నాయి. సలోమి అన్నది ఇదే.

కుడివైపు తెల్లగుడ్డ బిళ్ళ మోగుతోంది. మోగుతూనే ఉండాలి... తడిదుప్పటి అవతల ఎక్కడో.

మూడు రోజులుగా నేను జత కలుపుతున్నది బిళ్ళల్ని కాదు. నా చెవుల్ని.

భూలక్ష్మి నా ఎడమ పక్కన కూర్చుని గిన్నెలు విడదీస్తోంది.

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"రెండేళ్ళవుతోందండి. కుడిపక్క నుంచి పిలిస్తే పలకట్లేదు. అందుకే ఇటొచ్చి కూర్చుంటున్నాను."

"చెప్పలేదేం?"

"కొట్టునిండా చెవులే పెట్టుకున్నారు. మీ చెవి సంగతి మీకు చెప్పడానికి నేనెవర్తినండీ."

సలోమి నవ్వు ఆపుకుంది.

నీలం బిళ్ళ తీసేశాను. తెల్లగుడ్డవి వరసగా పేర్చాను. నేను అతుకుతాను, తను వింటుంది. ఎక్కడ నిలబడిందో అడగాలి. నా నుదుటి మీద వేలు పెట్టి చూపించాను.

సలోమికి అర్థమైంది. తన వేలు కణత మీద పెట్టింది. రెండో బిళ్ళకి కొంచెం ఇవతలికి. మూడోదానికి ఇంకొంచెం. చిటికెడు పీచు తీశాను... ఆ వేలు కనుబొమల మధ్యకొచ్చి ఆగింది.

"ఇప్పుడండీ" అంది.

ఆఖరిసారి నేనూ పెట్టుకుని చూశాను. హోరు ఎడమకి ఒరిగిపోయి ఉంది. అలాగే వదిలేసి స్క్రూలు బిగించాను.

సలోమి వెళ్ళిపోయింది. అన్నం కలిపాను.

రెండేళ్ళు.

ముక్తేశ్వరంలో టీచరు గారి హెడ్‌ఫోను. అప్పనపల్లిలో మైకుసెట్టు ఆయనది. మండపేట మిల్లు గుమాస్తాది. మస్కట్ వెళ్ళినవి రెండు. గుర్తులేనివి ఎన్నో. అన్నీ నా చెవి ఒప్పుకుని పంపినవే. ఒక్కరూ తిరిగి తీసుకురాలేదు. బాగుండబట్టా? నన్ను నొప్పించలేకా?

ఈ పూట కూడా ఎవరో ఒకరు పెట్టుకునే ఉంటారు. పాట కుడికి ఒరిగి ఉంటుంది. మాణిక్యాలరావు గారు చేసేరు కదా, ఇది ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుని —

తల కొంచెం పక్కకి వంచి, వింటూ ఉంటారు...