బడ్జెట్‌లో చివరి వరుస

రాస్ అల్ ఖైమా పారిశ్రామిక వాడలో, కట్టడాలకు పరంజా పైపులు అద్దెకిచ్చే చిన్న కంపెనీ అది. చెప్పుకోవడానికి ఒక ఆఫీసు గది, దాని వెనక యార్డు, రెండు ట్రెయిలర్లు, పాతికమంది మనుషులు. నిజం చెప్పాలంటే కంపెనీ అంతా ఆఫీసులో కాగితాలు చూసే రేణుక ఫోన్లో ఉండేది.

ఎలాగంటే, ఏ సైటుకైనా సరుకు ఎక్కించగానే యార్డు మేస్త్రీ భూమేశ్ గ్లవ్‌ను పళ్ళతో లాగేసి ఫోన్ అందుకుంటాడు. "బిడ్డా, ఫుజైరా సైటుకు పెద్ద పైపులు ఎక్కిచ్చినం. క్లాంపులు గూడ ఏసినం. బండి కదులుతది, కాయిదం నువ్వు చూస్కో" అని వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ వదులుతాడు. పఠాన్ డ్రైవరు ఉర్దూలో ఇంకొకటి వదులుతాడు. సరుకు తిరిగొస్తే మళ్ళీ అదే తంతు. రేణుక అవన్నీ విని డెలివరీ నోట్లూ, బిల్లులూ టైపు చేస్తుంది. ఆమె వింటేనే సరుకు పోయినట్టు, ఆమె వింటేనే వచ్చినట్టు. ఆమెకు జ్వరమొస్తే కంపెనీకి జ్వరమే.

అలాంటి రేణుకకు పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు రాకేశ్ వాళ్ళ జిల్లావాడే. దుబాయ్‌లో ఏసీల కంపెనీలో పనిచేస్తూ, సత్వాలో మరో నలుగురితో కలిసి ఫ్లాటులో ఉంటాడు. శ్రావణంలో ముహూర్తం. ఇద్దరూ ఆర్మూర్ వెళ్ళి, పెళ్లి చేసుకుని, నెల తర్వాత మళ్ళీ ఇక్కడికే రావాలి.

సెలవడగడానికి రేణుక యజమాని గదిలోకి వెళ్ళింది. యజమాని మల్లికార్జునరావుది భీమవరం. మనిషి చెడ్డవాడేం కాదు, కరోనా రోజుల్లో కూడా ఎవరి జీతమూ ఆపలేదు. శుభలేఖ చూసి నిజంగానే సంతోషించాడు.

"వెళ్ళిరామ్మా, నెలరోజులు హాయిగా ఉండిరా. ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచుకో."

ఆ చివరి మాటకు రేణుక ఒళ్ళు మండింది. అక్క లావణ్య పెళ్లికి వెళ్ళినప్పుడూ ఇదే మాట. అప్పగింతల వేళ అక్క ఏడుస్తూ చెల్లెలి కోసం వెతుకుతుంటే, ఆ చెల్లెలు బియ్యం బస్తాల గదిలో కూర్చుని, పైపులు బిగించే క్లాంపుల డెలివరీ నోటు టైపు చేస్తోంది. ఇప్పటికీ అక్క ఆ సంగతి ఎత్తితే రేణుకకు తలెత్తబుద్ధి కాదు. ఆ సాయంత్రం రాకేశ్ ఫోన్ చేసి, "ఇంతకు పెండ్లి నాతోటా, వాట్సాప్‌తోటా?" అని ఏడిపించాడు కూడా. తన పెళ్లిలో ఒక్క డెలివరీ నోటు కూడా టైపు చెయ్యకూడదని రేణుక గట్టిగా అనుకుంది.

మర్నాడే మళ్ళీ రావు దగ్గరికి వెళ్ళి, స్టాకు, అద్దెలు, బిల్లులు అన్నీ ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ కొనాలని చెప్పింది. ఆయన అనుకున్నదానికంటే తొందరగా ఒప్పుకున్నాడు. పన్నుల లెక్కలు సరిగా లేవని ఆడిటరు అప్పటికే ఆయన బుర్ర తింటున్నాడు.

"అరవై వేల దిర్హాములు. ఆపైన ఒక్క ఫిల్స్ కూడా అడక్కు," అన్నాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ తరఫున దుబాయ్ నుంచి నవీన్ కుమార్ అనే కుర్రాడు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నలగని నవ్వు. యజమాని ఫోన్లో కనిపించే డ్యాష్‌బోర్డు అని ఒకటి తెరిచాడు. ఏ సైటు నుంచి ఎంత రాబడో పచ్చ రంగులో, ఎవరు ఆలస్యం చేస్తున్నారో ఎర్ర రంగులో గిర్రున తిరుగుతోంది. రావు మొహం పసిపిల్లాడి మొహమైపోయింది.

"ఇది భీమవరంలో కూర్చున్నా కనిపిస్తుందా?"

"చేపల చెరువు గట్టుమీద కూర్చున్నా కనిపిస్తుంది సార్."

ఇంకేముంది, బేరం అక్కడే కుదిరిపోయింది. కొటేషన్ రేణుక చేతికొచ్చింది. లైసెన్సు, అమర్చే ఖర్చు, పాత లెక్కలు ఎక్కించే ఖర్చు, ఆ డ్యాష్‌బోర్డు. అన్నీ కలిపి అరవై వేలకు సరిగ్గా సరిపోయాయి. అన్నిటికంటే కింద, చివరి వరుసలో, ట్రైనింగ్ ఉంది. ఒక పూట, ఆఫీసులో, ఇంగ్లీషులో, ఒక్క మనిషికి. ఖర్చు సున్నా. ఆ ఒక్క మనిషి ఎవరో రేణుకకు వేరే చెప్పనక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వచ్చినా భూమేశ్ వాయిస్ మెసేజ్ తనకే వదులుతాడు, తను పెళ్లి పీటల మీద కూర్చుని దాన్ని ఎక్కించాలి. అరవై వేలు పోసి కొనేది అదే కష్టం, కాస్త ఖరీదైనది.

ఆమె డ్యాష్‌బోర్డు తీసేసి బడ్జెట్ మళ్ళీ వేసింది. ఆ మిగిలిన డబ్బుతో యార్డుకు ట్యాబులు, హిందీలోనూ తెలుగులోనూ యార్డులోనే రెండు వారాల ట్రైనింగు, ఆ గంటలకు కూలీల జీతం. మొత్తం అరవై వేలు దాటలేదు.

రావు ఆ కాగితం చూసి కళ్ళజోడు తీసేశాడు.

"ఏంటమ్మా ఇది? నా డ్యాష్‌బోర్డు ఏది? అయినా వాళ్ళకి ట్రైనింగేంటి, ఫోన్లో సినిమాలు చూడ్డం వచ్చుగా! అంతగా కావాలంటే జూన్ నుంచి ఎండకి మధ్యాహ్నాలు పనాపాల్సిందేగా. ఆ టైములో నేర్పించెయ్. రూపాయి ఖర్చుండదు."

"అది వాళ్ళ నిద్ర సార్."

"ఒక్క రెండు వారాలు పడుకోకపోతే ఏమవుద్ది?"

"పొద్దుగాల నాలుగింటికి లేచినోళ్ళు. గా యాళ్ళకు కూసోవెడితే ట్యాబు మీదనే తలకాయ వెడ్తరు. వాళ్ళ నిద్ర మనకు పుక్యానికి వచ్చే టైము గాదు సార్, నేనైతే రాయ."

రావుకు కోపం వచ్చింది. ఈ కంపెనీ ఎవరిదో గుర్తుచేశాడు. రేణుక మాత్రం కాగితం వెనక్కి తీసుకోలేదు. తన ఫోన్ తీసి ఆయన బల్ల మీద పెట్టింది.

"రేపు ఒక్క దినం ఇది మీ దగ్గర పెట్టుకోండ్రి సార్. నేను నా కుర్చీలనే ఉంట. మీరు విని చెప్పుండ్రి, నేను టైపు చేస్త."

"ఇంతేనా?" అని రావు నవ్వాడు.

మర్నాడు పొద్దున ఆయనకు సరదాగానే గడిచింది. భూమేశ్ మాటను రెండేసిసార్లు విని, "ఈ ముసలాడు ఊపిరి తీసుకోడా?" అని జోకులేశాడు. ఎండ ఎక్కేకొద్దీ జోకులు తగ్గాయి. పఠాన్ డ్రైవరు, బెంగాలీ హెల్పరు, క్వారీ సైటు దగ్గరి మలయాళీ స్టోర్‌కీపరు, అందరూ వరసగా మెసేజీలు వదులుతున్నారు. మధ్యలో బ్యాంకు వాళ్ళొచ్చారు. వాళ్ళతో మాట్లాడి వచ్చేసరికి వినాల్సినవి కుప్ప పడ్డాయి. ఆ కుప్ప అడుగున భూమేశ్ వాయిస్ ఒకటి ఉండిపోయింది. కాగితం లేక ట్రెయిలరు యార్డు గేటు దగ్గరే నిలబడింది. అవతల సైటులో అద్దె క్రేన్ ఊరికే నిలబడింది. కాంట్రాక్టరు నేరుగా రావుకే ఫోన్ చేసి, మర్యాద అంటే ఏమిటో మర్చిపోయి మాట్లాడాడు.

రేణుకకు లేచి వెళ్ళి ఫోన్ లాక్కోవాలనిపించింది. కుర్చీ పట్టుకుని కూర్చుంది.

రావు చెమటలు తుడుచుకుంటూ ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. ఫోన్ అక్కడ పెట్టాడు.

"రోజూ ఇదేనా?"

"ఇయ్యాల జర తక్కువనే సార్."

ఆయన బడ్జెట్ కాగితం తెప్పించుకుని సంతకం పెట్టాడు. "డ్యాష్‌బోర్డు వచ్చే ఏడాదికి రాసుకో," అన్నాడు, కొంచెం దిగులుగానే.

"రాస్త సార్. ట్రైనింగుకు మీరు గూడ రావాలె."

"నేనెందుకమ్మా?"

"నేను లేనప్పుడు తప్పు ఎవరు దిద్దుతరు మరి?"

ట్రైనింగు యార్డులో, షెడ్డు కింద, పెద్ద ఫ్యాన్లు పెట్టి, పొద్దున పూటే జరిగింది. కుర్రాళ్ళు తొందరగానే పట్టేశారు. రావు కూడా ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తప్పులు చేసి చీవాట్లు తిన్నాడు. భూమేశ్ మాత్రం ట్యాబును దూరం నుంచే చూసి, "నువ్వున్నవ్ గద బిడ్డా," అనేశాడు. ట్రైనింగు అయిపోయిన మర్నాడు మామూలుగా వాయిస్ వదిలాడు. రేణుక వింది. టైపు చెయ్యలేదు. ఇంకొకటి వచ్చింది. అదీ వింది. ట్రెయిలరు గేటు దగ్గర హారన్ కొడుతోంది. చివరికి భూమేశ్ చెమటలు కక్కుతూ ఆఫీసుకొచ్చాడు.

"నా మీద ఏమన్న కోపమొచ్చిందా బిడ్డా?"

"కోపం లేదు కాకా. నేను పెండ్లి పీటల మీద కూసున్ననాడు గిట్లనే హారన్ కొడితే, ఎవ్వలకు చెప్తవ్?"

ముసలాయన మొహం చిన్నబోయింది. తండ్రిలాంటి మనిషిని అలా నిలబెట్టినందుకు రేణుకకు తన మీద తనకే కోపం వచ్చింది. అయినా మెత్తబడలేదు. భూమేశ్ గ్లవ్ విప్పి, యార్డు నుంచి ట్యాబు తెప్పించుకుని దాని ముందు కూర్చున్నాడు. ఒక్కో బొమ్మ వెతుక్కుంటూ బొటనవేలితో నొక్కుతున్నాడు. తన చెయ్యి దానంతటది వెళ్ళిపోకుండా రేణుక రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. చాలాసేపటికి ప్రింటరు డెలివరీ నోటు బయటికి తోసింది. భూమేశ్ దాన్ని పట్టుకుని, తడి ఆరని రిజిస్ట్రీ కాగితంలా జాగ్రత్తగా తీసుకెళ్ళాడు.

పెళ్లినాడు ఫోన్ అక్క లావణ్య చేతిసంచిలో ఉంది. తలంబ్రాలయ్యాక, పంతులుగారు ఏదో సర్దుకుంటున్న కాస్త వ్యవధిలో, రేణుక అక్కను సైగ చేసి ఫోన్ అడిగింది. అక్క కళ్ళెర్రజేసి ఇచ్చింది.

ఒక్క వాయిస్ కూడా లేదు. పొద్దుటి నుంచి ఎవరూ ఏమీ పంపలేదు. దీనికోసమేగా ఇంత పోరాడింది, సంతోషించాలి. అయినా ఏమైనా వచ్చిందేమోనని ఇంకోసారి చూసింది. ఇన్నేళ్ళు విసుక్కుంటూ విన్న ఆ గొంతులు ఒక్క పూట వినబడకపోతే ఇంత వెలితిగా ఉంటుందని ఆమెకు తెలియదు.

సాఫ్ట్‌వేర్ తెరిచి చూసింది. భూమేశ్ ఎక్కించిన వరుస పైనే ఉంది. అందులో తప్పుంది. ఫుజైరా నుంచి తిరిగొచ్చిన పైపుల్ని పంపినట్టు నొక్కాడు. ఆమె వేలు దాని మీదికి వెళ్ళింది. ఒక్కసారి నొక్కితే సరిపోతుంది, ఎవరూ చూడరు. వేలు వెనక్కి తీసుకుని, తలంబ్రాల బియ్యం అంటుకున్న చేతులు రెండూ ఒళ్ళో బిగించుకుంది.

కాసేపటికి ఆ వరుస మారింది. పంపినవి కాస్తా తిరిగొచ్చినవి అయ్యాయి. కింద, దిద్దినవారి పేరు దగ్గర, మల్లికార్జునరావు అని ఉంది.

రేణుకకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. రాకేశ్ వంగి చూశాడు.

"ఏమైంది? ఎవ్వలన్న ఫోన్ చేసిండ్రా?"

"ఎవ్వలు చెయ్యొద్దనే ఇంత చేసిన," అని రేణుక కళ్ళు తుడుచుకుని, ఫోన్ అక్క చేతికిచ్చింది. "బంద్ చెయ్యక్కా."