కుయిరే చావుకు ఏడ్చినవాడు

కుయిరే రెండు కళ్లకూ పొర కమ్మి మూడేళ్లయింది. బుధవారం ఆరోగ్య కేంద్రానికి కంటి డాక్టర్లు వస్తున్నారని, పొర తీసేస్తారని నర్సు రెండుసార్లు వచ్చి చెప్పింది.

"చూడాల్సింది చూసేశాను తల్లీ. నీ దారిన నువ్వెళ్లు."

కోడళ్లు బతిమాలారు. చర్చి ఫాదర్ వచ్చి దేవుడి పేరు చెప్పాడు. దేవుడికి కళ్లున్నాయిగా, ఆయన్నే చూసుకోమనండి అన్నాడు కుయిరే. ఎందుకు వెళ్లనంటున్నాడో ఊరంతటికీ తెలుసు. పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు.

బుధవారం పొద్దున్నే వాకిట్లో ఏడుపు మొదలైంది.

"అయ్యో కుయిరే! పోయావా కుయిరే!"

గొంతు గుర్తుపట్టాడు. సంత పక్కన కొలిమి పెట్టుకున్న ఫ్రాఫ్రా తెగ ముసలాడు అకొల్గో. కుయిరే తెగవాళ్లైన దాగాబాలకూ ఫ్రాఫ్రాలకూ తాతల నాటి ఎకసెక్కాల చుట్టరికం. ఎంత మాటన్నా పడాలి, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. దాగాబా చస్తే ఫ్రాఫ్రా వచ్చి, చచ్చినవాడి చొక్కా తొడుక్కుని, వాడిలాగే నడిచి చూపించి, అడిగింది ఇచ్చేదాకా శవాన్ని లేవనివ్వడు. అకొల్గో మాత్రం శవం తయారవకముందే వచ్చాడు.

"బతికే ఉన్నానురా, కుక్క తలకాయ తినేవాడా!"

"శవం మాట్లాడుతోందర్రా! ఈ దాగాబాలు చచ్చినా నోరు మూయరు."

అకొల్గో దండెం మీది కుయిరే చొక్కా తొడుక్కుని తడుముకుంటూ నడిచాడు. మేక అరిచింది. "కాలు తొక్కానా కోడలా? కనపడలేదమ్మా!" అచ్చం కుయిరే గొంతే. కోడళ్లు పగలబడి నవ్వారు. నిరుడు ఆయన మేకతో నిజంగా అన్న మాటే అది.

"నా చొక్కా విప్పరా! ఏం కావాలి నీకు, కుండెడు కల్లా?"

"నీ కోడళ్లు కాచే జొన్న కల్లు గాడిద కూడా తాగదు. నువ్వు ఆరోగ్య కేంద్రం బండెక్కాలి, అంతే."

"ఎక్కను."

అకొల్గో వచ్చి పక్కన కూర్చున్నాడు. గొంతు మాత్రం తగ్గించలేదు.

"నీ పెళ్లాం కంటి పొర తీస్తానన్న సూదివాణ్ణి ఇంటికి తెచ్చింది నువ్వు. పోగ్‌సా చేతులు కదలకుండా పట్టుకుంది నువ్వు. వాడు కళ్లు రెండూ పొడిచి, కూలిగా కోడిని చంకన పెట్టుకుని పోయాడు. ఆమె ఏడేళ్లు చీకట్లోనే గడిపి చనిపోయింది. ఇప్పుడు నువ్వూ గుడ్డివాడిలా కూర్చుంటే ఆమెకు చూపొస్తుందిరా, తలతిక్క దాగాబా?"

నవ్వులు ఆగిపోయాయి. ఇదే మాట కన్నకొడుకు అనుంటే కుయిరే ఇంట్లోంచి వెళ్లగొట్టేవాడు. కర్ర మీద చెయ్యి బిగిసింది. అన్నది ఫ్రాఫ్రా. కొట్టకూడదు, కోప్పడనూ కూడదు. పోగ్‌సా ఉన్నప్పుడూ, పోయాకా, ఎవరైనా మొహాన అంటారని ఆయన ఎదురుచూసిన మాట కూడా అదే.

కర్ర ఊతంగా లేచి, "బండెక్కడ?" అన్నాడు.

గురువారం ఉదయం ఆరోగ్య కేంద్రంలో నర్సు, పొర తీసిన కుడికంటి కట్టు విప్పింది. వెలుతురు గుచ్చుకుంది. ఎదురుగా ముడతల మొహం ఒకటి, అందులో మూడు పళ్లు.

"ఇంత దరిద్రంగా ఉన్నావేంట్రా? ముందే తెలిస్తే వచ్చేవాణ్ణి కాదు."

"నీకు అద్దం తెప్పించమంటావా?" అన్నాడు అకొల్గో.

పక్క బెంచీ మీద ఒక ముసలమ్మ తన వేళ్లు ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసుకుంటోంది. పోగ్‌సా కూర్చోవాల్సిన చోటు. సూది పట్టినవాణ్ణి కుయిరే క్షమించలేదు, చేతులు పట్టుకున్నవాణ్ణీ క్షమించలేదు. కన్ను వచ్చినంత మాత్రాన అది పోలేదు.

"ఎడమది ఎప్పుడు?" అని నర్సును అడిగాడు.

"మూడు నెలలకి మళ్లీ వస్తారు తాతా. బండి పంపించనా?"

"పేరు రాసుకో చాలు. నడిచే వస్తాను."