హెప్సిబా రొట్టెల దుకాణం

ఆదివారం చర్చికి పోయేలోపు హెప్సిబా ఇరవై జొన్నరొట్టెలు చేయాలి, చేస్తూ చేస్తూ మరిది బెన్‌హర్‌కు నేర్పాలి. మస్కట్ నుంచి బోధన్‌కు సెలవు మీద వచ్చింది ఇందుకే అన్నట్టుంది.

"వదినా, పిండి ఇరుగుతున్నది."

"మసిలే నీళ్లు పొయ్యాలె," అంది. అన్నాక, ఎందుకు చెప్పానా అని తన మీద తనకే మండుకొచ్చింది.

ఇంటి పనికని మస్కట్ పోయిన మనిషి ఆమె. పని అయ్యాక రొట్టెలు చేసి మన కూలీలుండే క్యాంపులకు పంపేది. ఆరేళ్లకు సొంత దుకాణం పెట్టాలనుకుంది. పరదేశికి అదంత సులువా? ఆ దేశపు మనిషి ఒకడు భాగస్తుడిగా ఉండాలి, అరబ్బీ కాగితాలు చదివిపెట్టేవాళ్లు కావాలి, పనిమనిషి వీసా మీద లైసెన్సు ఇవ్వలేమన్నారు. చెప్పులరిగేలా తిరిగింది ఆమే. చివరికి అక్కడే డ్రైవరుగా ఉన్న మొగుడు శాంతి కుమార్ పేరు మీద తీశారు, ఆమె వీసా అతని వీసాకు ముడిపడింది.

"పేరుల ఏమున్నదే? నాదైతే నీది కాదా?" అన్నాడు అప్పుడు. నిజమే అనుకుంది, పిచ్చిది.

ఇప్పుడు ఆ వీసా అతను పొడిగించడం లేదు. "అవ్వకు నడుం లేస్తలేదు. నువ్వుండు. గక్కడ రొట్టెలు తమ్ముడు చేస్తడు," అన్నాడు మొన్న, కూరలో ఉప్పు తక్కువైందన్నంత తేలిగ్గా. "ఆడిదానికి గక్కడేం పని?" అని అత్త శారమ్మ వంత పాడింది. ఆమె మందులు ఇన్నాళ్లూ ఆ రొట్టెలతోనే వచ్చాయి.

చర్చిలో శాంతి కుమార్ లేచి సాక్ష్యం చెప్పాడు. "దేవుడు నాకు పరాయి దేశంల హోటల్ ఇచ్చిండు." అందరూ స్తోత్రం అన్నారు.

హెప్సిబా లేచింది. "అయ్యగారూ, నాదొక ప్రార్థన విన్నపం. గా హోటల్ నేను పెట్టిన. నన్ను తోల్కపోతలేడు. నేను మల్ల పోయేటట్టు ప్రార్థన చెయ్యుండ్రి."

శాంతి కుమార్ తల వంచుకున్నాడు. అయ్యగారు గొంతు సవరించుకుని కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ సోదరికి అత్తగారి సేవ చేసే ఓపిక దయచేయుము. భర్తకు లోబడే మనసు దయచేయుము."

సంఘమంతా ఆమెన్ అంది. శారమ్మ అందరికంటే గట్టిగా అంది.

బుద్ధెరిగిన నాటి నుంచి మొదటిసారి, హెప్సిబా ఆమెన్ అనలేదు.