ఏరివేత

కప్పు గెలవడం ఆయన వంతు, తుడవడం ఆమె వంతు. హాల్లో అద్దాల అల్మారా నిండా కప్పులే. అన్నిటి మీదా అందాల పోటీలకి పెంచే కోయి అనే రంగుల చేప బొమ్మ, దాని కింద మామగారి పేరో, భర్త పేరో. కొత్త కప్పు పక్కన ఫోటో కూడా పెట్టారు. నీలం తొట్టిలో ఎరుపూ తెలుపూ మచ్చల చేప, పక్కన ఛాతీ విరుచుకుని భర్త. ఆ ఫోటోలో ఆమె కూడా ఉండాల్సింది. "నువ్వు కాస్త పక్కకి జరుగు, బట్టలు తడిసున్నాయి, బాగోదు" అన్నాడాయన. బట్టలు తడిసింది ఆ చేపని చేతులతో తొట్టిలోకి దించినందుకే. ఫోటో అంచున ఆమె మోచేయి మాత్రం మిగిలింది.

"ఈ చూపు మా నాన్నగారి నుంచి వచ్చింది" అని ఆయన స్టేజీ మీద చెబుతుంటే అందరితోపాటు ఆమె కూడా చప్పట్లు కొట్టింది. చూపట! ఒక్క తల్లి చేప గుడ్లు పెడితే వేలకు వేలు పిల్లలు. వాటిని తెల్ల బేసిన్లలో పోసుకుని, నడుం వంచి, ఒక్కొక్కదాని రంగూ మచ్చలూ చూసి, పనికొచ్చేవి ఒక తొట్టిలో, పనికిరానివి ఇంకో తొట్టిలో వెయ్యాలి. పనికిరానివాటిని షెడ్డు వెనక పెద్ద చెరువులో పారబోస్తారు. మొన్న కప్పు తెచ్చిన చేప మహారాణి కూడా పిల్లప్పుడు బూడిదరంగులో మాసిన గుడ్డలా ఉండేది. ఆయన పనికిరాదని విసిరేస్తే ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి తీసి పెంచింది. ఆ సంగతి ఆయనకి తెలుసు. మర్చిపోవడం ఆయనకి బాగా చేతనవును.

"మగాళ్ళకి అంత ఓపికెక్కడిదమ్మా? అయినా కూర్చుని చూడ్డమేగా" అంటుంది అత్తగారు. ఆ కూర్చుని చూడ్డంలోనే ఆమె నడుం పోయింది, డిగ్రీ పోయింది. పెళ్ళయిన కొత్తలో "ఈ ఒక్కసారికి సాయం పట్టు, పరీక్షలు వచ్చే ఏడు రాద్దువుగాని" అన్నాడు భర్త. ఆ వచ్చే ఏడు ఇంకా రాలేదు. ఇప్పుడు కళ్ళు కూడా మసకబారాయి. కళ్ళజోడు కావాలంటే ఇంట్లోవాళ్ళు అంతకన్నా మంచి ఉపాయమే కనిపెట్టారు.

"నీ కూతురివి డేగ కళ్ళు. దాన్ని కూర్చోబెట్టు" అంది అత్తగారు. "ఇంట్లో ఇంత పని పెట్టుకుని హాస్టలూ, కాలేజీ అంటూ ఊళ్ళు తిరగడమెందుకు?"

"రేపు పొద్దున ఒక బేసిన్ ఇచ్చి చూద్దాం" అన్నాడు భర్త, ఎంతో న్యాయంగా. "చెయ్యగలిగితే ఇక్కడే ఉంటుంది. లేదంటే దాని కాలేజీలో అది చేరుతుంది."

గుమ్మం దగ్గర కూతురు బిక్కమొహం వేసుకుని నిలబడింది. కాలేజీలో సీటు వచ్చిందని మొన్ననే ఎగిరి గంతేసిన పిల్ల.

మర్నాడు షెడ్డులో ఆ పిల్ల బేసిన్ ముందు కూర్చుంది. కావాలని తప్పులు చేస్తే సరిపోయేది. కానీ ఏ పని అప్పజెప్పినా సగం మనసుతో చెయ్యడం దానికి రాదు. కాసేపటికే బేసిన్ మీదికి వంగి అన్నీ మర్చిపోయింది. తల్లి పక్కనే నిలబడి చూసింది. పిల్ల ఏరిన ప్రతిదీ సరైనదే. ఒక మూల బూడిదరంగు చేపపిల్ల కూడా ఉంది, అచ్చం మహారాణి లాంటిది. ఎవరూ చెప్పకుండానే దాన్ని పట్టుకుంది.

భర్త వచ్చి బేసిన్లోకి తొంగిచూశాడు. ఏమీ అర్థం కాలేదు. ఎప్పటిలాగే ఆమె వైపు తిరిగాడు. "ఏమంటావ్? పనికొస్తుందా?"

అలవాటుగా నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె దాన్ని మింగేసింది.

"లేదండీ. దీనికి చూపు లేదు" అంది. కూతురు ఏరినవాటినన్నిటినీ పనికిరాని తొట్టిలోకి వంపేసింది.

"అమ్మా! ఆ బూడిదరంగుది ఒక్కసారి చూడమ్మా..."

"చూశాను. అది ఎందుకూ పనికిరాదు. నువ్వూ అంతే."

పిల్ల మొహం కందిపోయింది. భర్త నిట్టూర్చాడు. "నువ్వే కాదన్నాక ఇంకేముంది? ఈ పనిలో నీ చూపుకి తిరుగులేదు." తలుపు దగ్గర అత్తగారు కూడా అవునన్నట్టు తలూపింది. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాట కోసం ఆమె చెవులు రిక్కించుకుని బతికింది. తీరా వచ్చాక అది చెప్పులో రాయిలా గుచ్చుకుంది.

కూతురు చేతులు కడుక్కుని, తల్లి మొహం చూడకుండా వెళ్ళిపోయింది. పిలిచి నిజం చెప్పాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. కానీ అబద్ధం దాచుకోవడం ఆ పిల్లకి చేతకాదు. సామాను సర్దుకుని బస్సెక్కేదాకా అది తల్లిని తిట్టుకోవాల్సిందే.

ఆమె తొట్టి ఎత్తుకుని షెడ్డు వెనక్కి నడిచింది.

"తొందరగా రా, ఇక్కడ బేసిన్లన్నీ అలాగే ఉన్నాయి" అని భర్త కేకేశాడు.

"వస్తున్నా" అంటూ తొట్టి వంచింది. బూడిదరంగు చేపపిల్ల నీళ్ళలో ఒక్కసారి మెరిసి లోతుకి పోయింది. పెద్ద చెరువులో చేపల్ని ఎవరూ ఏరరు.